తెగని గీతలు

సోమవారం, పగటి షిఫ్టు

మార్పు: పైకి వెళ్ళినవాళ్ళ చార్టులో ఒకటి.
కారణం: శంకరవ్వ.

ఇంత పొట్టిగా రాస్తే కుదరదని మా షిఫ్టు పెద్ద సర్దారు పోయిన నెలే చీవాట్లు పెట్టాడు. చార్టుల్లో ఏం మార్చానో, ఎందుకు మార్చానో, ఎవరు అడిగారో విడమరిచి రాయాలట. చదివే నాథుడు లేడని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. అందుకని నాకు తోచిన తీరున రాస్తున్నాను. ఎవరికైనా కోపం వస్తే చదివారని అర్థం, అదీ లాభమే.

నా పేరు భూలక్ష్మి. దీపాల గదిలో కూర్చుని గీతలు కడతాను. పైన ఎండకు ఆగలేక మా తాతల కాలంలో జనం ఈ బొగ్గు బాయిలోకి దిగినప్పుడు ఈ గదిలో నిజంగానే గని దీపాలు వేలాడేవట. ఇప్పుడు కంప్యూటర్లున్నాయి, పేరు మాత్రం మారలేదు. సోలార్ పలకలు బాగు చేయడానికి పైకి వెళ్ళేవాళ్ళ చేతికి బ్యాండు ఉంటుంది. అది వాళ్ళ గుండె వేగాన్ని క్లౌడ్‌కు పంపుతుంది. ఆ క్లౌడ్ ఏదో చలిదేశంలో ఉందంటారు, చూసినవాళ్ళు లేరు. బజార్లో దాన్ని మొగులు అంటారు, మబ్బని అర్థం. అసలు మొగులు ఎలా ఉంటుందో చూసినవాళ్ళు ఇప్పుడు బాయిలో వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది కూడా లేరు.

ఆ మొగులు నుంచి వచ్చే అంకెలను నేను పేరుపేరునా చార్టుకు కట్టాలి. కట్టు ఒకటే, కనిపించేది రెండు చోట్ల. ఒకటి దీపాల గదిలోని డెస్క్‌టాప్‌లో. రెండోది వెబ్ పేజీలో, అంటే బజారు గోడమీది పెద్ద తెరలోనూ అందరి ఫోన్లలోనూ. పైవాళ్ళకు మాటలు పంపే సాధనం లేదు. ఉన్నదల్లా ఈ గీతే. అది సున్నాకు పడితే గంట మోగుతుంది, వాళ్ళ కోసం బండి బయల్దేరుతుంది.

పోయిన వారం మొండయ్య గీత అలాగే పడింది. ఎండకు ఆగడానికి పైవాళ్ళు తొడుక్కునే చల్లకోటులో నీళ్ళగొట్టం పగిలిందట. బండి వెళ్ళి శవాన్ని తెచ్చింది. అతని తల్లి శంకరవ్వ ఆ వేళ బజార్లో రొట్టెల వరుసలో నిలబడి ఉంది. కొడుకు గీత పడిపోవడం పెద్ద తెరమీద ఆమె కళ్ళారా చూసింది. ఇవాళ తిన్నగా నా గదికి వచ్చింది.

"భూలచ్చిమీ, నా కొడుకు పండుకున్న కాడ దీపం ఎలుగుతనే ఉన్నది. నీ తెరమీద మాత్రం తెగ్గొట్టినవ్."

"నేను తెగ్గొట్టలేదవ్వా. డేటా రాలే, పడిపోయింది."

"డాటా ఎవల బిడ్డ? నాకు తెల్వది. కట్టింది నువ్వు, తెగ్గొట్టింది నువ్వు. పదకొండో దినం దాంక దీపం కొండెక్కద్దు. నీ గీత గూడ అంతే."

నా నోరు మంచిది కాదని బాయి అంతటా పేరు. అయినా ఆ ముసలామెకు పీట జరిపి కూర్చోమన్నాను. వెనకే వచ్చిన సర్దారు రాజేశం కూడా తల గోక్కుంటూ, "పెట్టరాదూ, ఏం పోతది" అన్నాడు. మొండయ్య పేరు ఒక్కటి విడిగా రాసి పెడతానన్నాను. ఆయనకు నచ్చలేదు.

"ఇయ్యాల ఒక్కలకు చేస్తే రేపు అందరూ అడుగుతరు. ఎవలు పోతే వాళ్లకు కూసుండి పేరు రాసుకుంట ఉంటవా? ఒక్కసారే అందరికీ పెట్టెయ్."

డేటా రాని చోట చార్టు ఏం చేయాలో ముందే చెప్పి పెట్టుకోవాలి. ఖాళీ వదిలేయొచ్చు, సున్నాకు దించొచ్చు, చివరి అంకెనే పట్టుకుని సాగదీయొచ్చు. ఇన్నాళ్ళూ సున్నాకు దించేది. ఇవాళ్టి నుంచి ఎవరి డేటా ఆగినా పదకొండు దినాల పాటు చివరి అంకెతో సాగదీస్తుంది. ఎవరికైనా ఆపద వస్తే గంట ఎలాగూ ఉంది కదా.

మంగళవారం, పగటి షిఫ్టు

మార్పు: నిన్నటి మార్పుకే మళ్ళీ మార్పు.

శంకరవ్వకు నచ్చలేదు. నేను టీ తాగుతుంటే వచ్చి గది మధ్యలో చతికిలబడింది.

"గిదేంది, శవం పండుకున్నట్టు పండుకున్నది? ఊపిరున్న గీత గిట్లుంటదా?"

నిజమే. చివరి అంకెను పట్టుకుని సాగదీస్తే గీత చాప పరిచినట్టు బల్లపరుపుగా పోతుంది. గుండె గీత అలా ఉంటే చూసినవాళ్ళకు గుండె ఆగుతుంది. పోనీ లేత రంగులో చుక్కలు చుక్కలుగా పెడతాను, ఇది అసలు గీత కాదని తెలుస్తుంది అన్నాను.

"దీపం మసకగ పెడ్తరా ఎవలన్న?" అని ఒక్కటే మాట అంది.

వాదించి గెలవలేక చివరికి ఒక పని చేశాను. డేటా ఆగిపోతే, ఆగడానికి ముందు ఒక పగలూ ఒక రాత్రీ ఆ మనిషి గుండె ఎలా ఆడిందో దాన్నే తీసుకుని గీత మళ్ళీ మళ్ళీ గీస్తుంది. మొండయ్య పొద్దున లేస్తాడు, పని చేస్తాడు, అలసిపోతాడు, పడుకుంటాడు. మర్నాడు మళ్ళీ లేస్తాడు. రంగు అదే, మందం అదే.

సాయంత్రం బజారుకు వెళ్తే శంకరవ్వ పెద్ద తెర ముందు నిలబడి కొడుకు గీతను వేలితో నిమురుతోంది. "పండుకున్నడు" అని పక్కావిడకు మెల్లగా చెప్పింది. నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళ పనిలో నేను చేసిన మంచి పని ఇదేనేమో అనిపించింది. బజార్లోవాళ్ళు ఇది మొండయ్య ఒక్కడికే అనుకుంటున్నారు. అందరికీ పెట్టిన సంగతి నాకూ సర్దారుకే తెలుసు. అపశకునం మాట ముందే ఎందుకని నేనూ చెప్పలేదు.

గురువారం, తెల్లారి షిఫ్టు

మార్పు: ఇద్దరి పేర్లు చేర్చాను. ఓదెలు, గట్టయ్య.

ఓదెలు నా తమ్ముడు. గట్టయ్య అతనికంటే బాగా పెద్దవాడు, పైకి వెళ్ళడంలో తలపండినవాడు. తూర్పు పలకల దగ్గర తీగలు కాలిపోయాయి. వాటిని మార్చి రావాలంటే వచ్చే మంగళవారం దాకా పడుతుంది. అక్కడ నేలలోకి తవ్విన చలువగది ఉంది. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు అందులో ఉంటారు, చల్లకోట్లకు ఛార్జింగ్ అక్కడే పెట్టుకుంటారు.

బండి వాళ్ళను దింపి తిరిగి వచ్చేసింది. అక్కడ ఉంచుకునే భాగ్యం మాకు లేదు. బండి బ్యాటరీనే కింది మట్టంలో గాలి పంకా తిప్పుతుంది. బండి పైకి వెళ్ళిన ప్రతిసారీ కింది మట్టం జనమంతా చెంబూ చాపా పట్టుకుని పై మట్టానికి ఎక్కి కూర్చోవాలి. ఇవాళా ఎక్కారు, ఇవాళా తిట్టారు. శంకరవ్వ ఇల్లు కింది మట్టంలోనే. అందరికంటే గట్టిగా తిట్టింది ఆమే.

బ్యాండు కట్టించుకోవడానికి వచ్చి ఓదెలు నా కుర్చీలో కూర్చున్నాడు.

"అక్కా, ఈసారన్న నా గీతకు మంచి రంగు పెట్టు. పోయినసారి పెండ రంగు పెట్టినవ్."

"నీ మొకానికి గదే ఎక్కువ. చెయ్యి చాపు."

"బావలు లేనోళ్ల నోరు గిట్లనే ఉంటది" అన్నాడు గట్టయ్య వైపు తిరిగి. పెళ్ళి చేసుకోలేదని నన్ను ఏడిపించడం వాడికి చిన్నప్పటి నుంచీ అలవాటు. నేను బ్యాండు రెండు రంధ్రాలు ఎక్కువ బిగించాను. కుయ్యోమన్నాడు.

వెళ్ళేముందు మాత్రం నవ్వు ఆపి, "సుగుణ పొద్దుమాపు ఫోనే సూసుకుంట కూసుంటది అక్కా. బువ్వ తిన్నదో లేదో జర అర్సుకో" అన్నాడు. పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. భార్యంటే వాడికి ప్రాణం. సరే పో అన్నాను.

గీతకు పసుపు రంగు పెట్టాను. కావాలనే మంచి పసుపు.

శనివారం, పగటి షిఫ్టు

మార్పు: ఏమీ లేదు.

నిన్న మధ్యాహ్నం నుంచి పైన దుమ్ముగాలి. మా గొట్టాల్లోంచి ఈల వేస్తున్నట్టు చప్పుడు వస్తూనే ఉంది. బజారంతా తెర ముందు చేరింది. పాపం, అందరి ప్రాణాలూ ఆ రెండు గీతల మీదే. పసుపుగీత, నీలిగీత రెండూ నిక్షేపంగా నడుస్తున్నాయి. ఆడుతున్నాయి, అలసిపోతున్నాయి, పడుకుంటున్నాయి. సాయంత్రానికి జనం నవ్వుకుంటూ ఎవరి మట్టానికి వాళ్ళు పోయారు.

"నీ తమ్ముని గుండె రాయిరా బాబూ. అంత గాలిల గూడ ఇంత జంకు లేదు" అన్నాడు సర్దారు. నాకు గర్వంగా ఉంది. రాయడానికి సిగ్గేమీ లేదు.

సుగుణ మధ్యాహ్నం నా గదికే కంచం తెచ్చుకుంది. ఇద్దరం డెస్క్‌టాప్ ముందు కూర్చుని తిన్నాం. మొగుడి గీత చదవడంలో ఆ పిల్ల నన్ను మించిపోయింది. ఏ ఎగుడు దేనికో, ఏ దిగుడు దేనికో చెప్పేస్తుంది.

"గిదిగో వదినె, ఇప్పుడు బువ్వ తింటున్నడు. సూడు, తిన్నంక గిట్ల దిగుతది. పండుకుంటడు."

"నాకెందుకే వాడు పండుకుంటే" అన్నాను. సిగ్గుపడి నవ్వింది. వాడు తింటున్నాడంటే తనూ ఇంకో ముద్ద తిన్నది. తమ్ముడు చెప్పినట్టే మరదలి చేత అన్నం తినిపించాను కదా అని నాకూ తృప్తిగా ఉంది. నేనూ మారు వడ్డించుకున్నాను.

ఆదివారం, పగటి షిఫ్టు

మార్పు: కింద రాస్తాను.

పొద్దున సుగుణ రోజూలాగే వచ్చింది. ఓదెలుకు లేవగానే బస్కీలు తీసే అలవాటుంది. ఆ వేళకు గీత ఎగురుతుంది. సుగుణకు అది చూస్తే నవ్వు. ఇవాళ మాత్రం నవ్వలేదు, మొహం ముడుచుకుంది.

"వదినె, ఈనకు నడుం పట్టిందో ఏమో."

"ఎందుకే?"

"శుక్రారం పొద్దుగాల సగం బస్కీలు తీసి ఆపిండు. జరసేపాగి మల్ల తీసిండు. నిన్న గూడ గట్లనే సగంల ఆపిండు. ఇయ్యాల గూడ గట్లనే, గక్కడనే. ఎన్నడు ఆపడు వదినె. మంగళారం వచ్చినంక జర నూనె పెట్టి తోమాలె."

నా చేతిలో టీ గ్లాసు ఉంది. దాన్ని బల్లమీద పెట్టాననుకుంటాను. మనిషి మూడు రోజులు బస్కీలు తీయొచ్చు. మూడు రోజులూ సరిగ్గా ఒకే చోట ఆపి, ఒకేలా ఊపిరి తీసుకుని, ఒకేలా మళ్ళీ మొదలుపెట్టలేడు. అలా చేసేది చార్టు మాత్రమే.

సుగుణకు ఏమీ చెప్పకుండా టీ నీళ్ళు తెమ్మని పంపించాను. చార్టును పక్కకు నెట్టి క్లౌడ్‌లోకి పోయి వట్టి అంకెలు చూశాను. పైన పొలాల తేమ లెక్క వస్తోంది, పలకల కరెంటు వస్తోంది, గాలి వేగం వస్తోంది. ఓదెలు పేరుమీద ఏమీ లేదు. గట్టయ్య పేరుమీద ఏమీ లేదు. ఇద్దరి డేటా శుక్రవారం మధ్యాహ్నం, దుమ్ము లేచిన కాసేపటికి, ఒకేసారి ఆగిపోయింది. అప్పటి నుంచి నేను కట్టిన కట్టు వాళ్ళ గురు, శుక్రవారాలనే తిప్పి తిప్పి ఆడిస్తోంది. నిన్న మేం చూసిన భోజనం గురువారం నాటిది.

గంట ఎందుకు మోగలేదని దాని కట్టు విప్పి చూశాను. అది డేటాకు కట్టి లేదు. నాకంటే ముందు పనిచేసిన మనిషెవరో దాన్ని చార్టులోని గీతకు కట్టారు. గీత పడితే మోగుతుంది. గీత పడలేదు, అది మోగలేదు. దాని తప్పేమీ లేదు.

సర్దారు దగ్గరికి పరుగెత్తాను. ఆయన రొట్టె నములుతూ గోడమీది తెర చూపించాడు.

"మంచిగనే నడుస్తున్నయి గదా బిడ్డా."

"అవి నడుస్తలేవు సర్దార్ సాబ్. నేను నడిపిస్తున్న. శంకరవ్వ కొడుకుది నడిపించినట్టే."

నములుడు ఆగింది. అయినా వెంటనే లేవలేదు. "మొగులే కరాబైందేమో సూడు" అన్నాడు. మిగతా డేటా అంతా వస్తోందని చెప్పాను. "బ్యాండ్లే కరాబైనయేమో" అన్నాడు. రెండూ ఒక్క నిమిషంలోనా అన్నాను. ఆయన గొంతు తగ్గించాడు.

"బండి తియ్యాలంటే కింది మట్టం అంత ఖాళీ చెయ్యాలె. తెరమీద గీతలు బంగారం లెక్కున్నయి. ఏం చెప్పి లేపుదును వాళ్లను? బాయి కమిటీ సాయంత్రం కూసుంటది, అప్పుడు అడుగుదాం."

"గప్పటి దాంక వాడుంటడా?"

"తెరమీద ఉన్నడు గదనే" అన్నాడు. అని, తానేమన్నాడో తనకే వినిపించినట్టు నేల చూపు చూశాడు.

ఆయనతో మాట్లాడి లాభం లేదు. దీపాల గదికి వచ్చి తలుపు గడియ పెట్టాను.

మార్పు: సోమ, మంగళవారాల్లో పెట్టినవి రెండూ తీసేశాను. డేటా రాని చోట సున్నా గీత కూడా లేదు, ఖాళీ. ఎవరు అడిగారు: ఎవరూ అడగలేదు. నేనే.

తీస్తే మొండయ్య గీత కూడా పోతుందని తెలుసు. అతన్ని విడిగా ఉంచాలంటే కట్టు కొత్తగా రాయాలి, గంట పని. గంట వృథా చేయదలుచుకోలేదు. మీట నొక్కాను. మూడు గీతలూ ఒక్కసారే మాయమయ్యాయి, గీత లేకపోతే పడినట్టే లెక్క గనక గంట మోగింది.

బజారు నుంచి వచ్చిన అరుపు ఈ గది గోడల్లోంచి వినబడింది. కుళాయి దగ్గర సుగుణ చేతిలోని నీళ్ళ డబ్బా జారిపోయిందట, ఎవరో చెప్పారు. తలుపు తీస్తే ఎదురుగా శంకరవ్వ ఉంది.

"నీ చేతులు పడిపోను! దినాలు గూడ పూర్తిగాలే. నా కొడుకును రెండుసార్లు సంపినవ్ గదనే!"

నేను ఆమె రెండు చేతులూ పట్టుకుని చెప్పాను. నా తమ్ముడు పైన ఉన్నాడు, బతికున్నాడో లేదో తెలియదు, శుక్రవారం నుంచీ మనం చూసింది వాడిని కాదు, బండి వెళ్తే తప్ప తెలియదు, కింది మట్టం ఖాళీ అయితే తప్ప బండి కదలదు. ఇదంతా ఒక్క ఊపిరిలో చెప్పాను. ఆమె చేతులు విడిపించుకుని వెళ్ళిపోయింది. తిట్లు మాత్రం ఆపలేదు. తిట్టుకుంటూనే కింది మట్టానికి దిగింది. తిట్టుకుంటూనే ఇంటింటి తలుపూ కొట్టింది. చాప చంకన పెట్టుకుని అందరికంటే ముందు మెట్లెక్కి వచ్చింది. వెనక జనం వచ్చారు. సర్దారు ఇక కమిటీ మాట ఎత్తలేదు, స్వయంగా బ్యాటరీ మోసుకెళ్ళాడు.

బండి వెళ్ళింది. సుగుణ నా పక్కనే కూర్చుంది. తెరమీద వాడి పేరుంది, దాని పక్కన గీత ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఆ పిల్ల ఆ ఖాళీని చూసి, "ఇదేంది వదినె, పోయినట్టా, ఉన్నట్టా?" అని అడిగింది. "తెల్వనట్టు" అన్నాను. అలాంటిది మా తెరమీద ఎప్పుడూ లేదు. ఆమెకు అర్థం కాలేదు, నాకూ సగమే అర్థమైంది. దేవుడా, వాడు బతికుంటే చాలు, జీవితంలో వాడిని ఒక్క మాట అనను.

సోమవారం, పగటి షిఫ్టు

మార్పు: గంటను గీత నుంచి విప్పి డేటాకు కట్టాను.

బండి నిన్న చీకటి పడక ముందే వచ్చింది. గట్టయ్య బతికే ఉన్నాడు. ఓదెలు లేడు. తెచ్చారు. ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది. పైన అందరి ఒళ్ళూ వెచ్చగానే ఉంటుందని డాక్టరమ్మ అంది. ప్రాణం పోయింది మాత్రం నిన్న పొద్దుటే అని కూడా ఆమే అంది. అంటే శుక్రవారం బతికున్నాడు. శనివారం బతికున్నాడు. నేనూ సుగుణా అన్నం తిన్నంతసేపూ బతికే ఉన్నాడు.

గట్టయ్య ఇవాళ మాట్లాడగలిగాడు. పెదవులు పగిలిపోయి ఉన్నాయి. సుగుణా నేనూ మంచం పక్కన కూర్చున్నాం. ఆయన నన్ను చూడకుండా పైకప్పును చూస్తూ చెప్పాడు.

శుక్రవారం దుమ్ముకు చలువగది యంత్రం ఊపిరాడక ఆగిపోయింది. చల్లకోట్లలో ఉన్న ఛార్జింగే మిగిలింది. గట్టయ్య వెంటనే నడిచి వచ్చేద్దామన్నాడు. కోట్లు చల్లగా ఉండగానే బయల్దేరితే చచ్చీ చెడీ చేరవచ్చు అన్నాడు. ఓదెలు వద్దన్నాడు.

"బ్యాండ్లు ఇప్పుదాం తాతా అన్నడు. అది మా పైకి పోయేటోళ్ల మాట, కింద ఎవ్వలకు చెప్పం. చెప్తే బ్యాండ్లకు తాళం ఏస్తరు. ఆపదొస్తే బ్యాండు ఇప్పాలె. గీత తెగుతది, బండొస్తది. మొండిగాని కోటు పలిగినప్పుడు గూడ వాడు ఇప్పిండు, గనీ బండి చేరేసరికి ఆలిశమైంది. మేం ఇద్దరం ఒక్కసారే ఇప్పినం."

నీళ్ళు అడిగాడు. తాగించాను. మళ్ళీ చెప్పాడు.

"నవ్వుకుంట కూసున్నడమ్మా. మా అక్క ఈ పాటికి సర్దారు అంగీ పట్టుకొని గుంజుతుంటది అన్నడు. పొద్దుగుంకింది. బండి రాలే. నడుద్దామన్న. దారిల తప్పిపోతం, బండి మనకోసం గీడికే వస్తది అన్నడు. శనివారం ఆనికి అనుమానమొచ్చింది. ఇప్పినా గూడ బ్యాండు ఏమన్న పంపుతుందేమోనని రాయి తీసుకొని రెండు బ్యాండ్లు నుజ్జు నుజ్జు చేసిండు. ఇగ తప్పకుంట తెగి ఉంటది తాతా అన్నడు. అటెన్క గడియకోసారి బయటికి పోయి దిబ్బ ఎక్కి సూసిండు, బండి దుమ్ము లేస్తుందేమోనని. వద్దంటే ఇన్లే. ఉన్న ఛార్జింగ్ అంత గట్లనే కర్సయింది. నేను లోపల పడి ఉన్న. గందుకే నేనున్న."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఏడుస్తున్నాడో నిద్రపోయాడో తెలియలేదు. నేను ఏడవలేదు. నా ఒంట్లో తడి అంతా ఆరిపోయినట్టుంది. వాడు నన్ను నమ్మి కూర్చున్నాడు. నడిస్తే బతికేవాడేమో, నన్ను నమ్మి నడవలేదు. దీనికి ఏ సర్దారూ, ఏ ముసలామే, నాకంటే ముందు గంట కట్టిన ఏ మనిషీ అడ్డం రారు. కట్టింది నేను.

సుగుణ నేలమీద గోటితో ఏదో గీస్తూ కూర్చుంది. తర్వాత తలెత్తి, మామూలు గొంతుతోనే అడిగింది.

"వదినె, ఆయన రాయి పట్టుకొని బ్యాండ్లు పలగ్గొట్టినప్పుడు మనం ఏం చేస్తున్నం?"

అబద్ధం చెప్పడానికి చాలా వెతికాను. దొరకలేదు.

"ఆయన్నే సూస్తున్నం సుగుణా" అన్నాను.